చివరి అక్షరం

ఒంగోలు, కర్నూలు రోడ్డు,
మెట్ల కింద సందులో నా కొట్టు.
రోహిణి కార్తె మూడో రోజు.
స్క్రూడ్రైవర్ పిడికి కూడా చెమట పట్టింది.

చీమకుర్తి నుంచి ఖాజావలి వచ్చాడు,
కవలల్ని టీకాకు తెచ్చినట్టు
రెండు చంకల్లో రెండు లాప్‌టాప్‌లు.
"ఇది నాది, అది మా ఆఫీసులో దీవెనమ్మది.
రెండిటి మీదా ఒకే స్టిక్కరు, ఒకే తరం.
సమాధిరాయి బొమ్మ గీసి మెరుపు దించమంటే
ఆమెది టీ తాగొచ్చేలోపు దించుద్ది.
నాది, అన్నం తిని కునుకు తీసి లేచినా
ఇంకా సగం రాయి కాడే ఉంటది.
ఒకే ఇంటి పిల్లలు గదా అబ్బయా, ఏందీ తేడా?"

పేరు పూర్తిగా తెరిచి చూపించా.
చివర ఒక్క అక్షరం.
ఆమెదానికి హెచ్, ఈయనదానికి యు.
ఇంటిపేరు ఒకటే, కంచంలో పెట్టేది వేరు:
దానికి నలభై అయిదు వాట్లు, దీనికి పదిహేను.
ఛార్జింగ్ సాయంత్రం దాకా రావాలని
ఒంటిపూట తినడం నేర్పి పెంచిన పిల్ల ఇది.

చిప్పు కూడా రాయేనని చెప్పా.
ఇసుకని శుద్ధి చేసి, కరిగించి, పలకలు కోసి,
ఒక్కో పలక మీద వందల్లో పుట్టించి
ఒక్కోదానికీ పరీక్ష పెడతారని.
వేడికి నిలబడ్డది పైమెట్టు.
లోపల ఒక గది చెడితే
ఆ గదికి తాళమేసి కిందిపేరుతో అమ్ముతారని.

నవ్వాడు.
"పద్దెనిమిదేళ్లు గుంటలో నేను చేసిందీ అదే.
సుత్తితో ఒక్కటేసి చెవి ఆనిస్తా.
ఖంగుమంటే ఓడెక్కుద్ది.
డబ్బుమంటే లోపల జీర.
చుక్కలు ఒత్తుగా ఉంటే ఒక రేటు, పలచబడితే ఒక రేటు.
రెండూ పక్కపక్కన పడుకున్న రాళ్లే.
సరే గానీ, దీన్ని కాస్త అదిలించి పరిగెత్తించలేవా?"

బయాస్‌లోకి వెళ్లా.
గుణకానికి కంపెనీ తాళం, కదల్లేదు.
వాట్ల హద్దు మాత్రం జరిగింది: ఇరవై ఎనిమిది.
బండలాగుడులో ముల్లుగర్ర తగిలిన కోడెలా
నలభై సెకన్లు నిజంగానే ఉరికింది.
ఎనభై ఎనిమిది డిగ్రీలు, తొంభై అయిదు, నూరు.
ఆపైన మోకాళ్ల మీద కూలబడి
పొద్దుటికన్నా నెమ్మదిగా నడిచింది.

అప్పుడు విప్పా, ముందే విప్పాల్సింది.
ఫ్యాన్ వెనక, రాగి రెక్కల సందుల్లో
కంబళి ముక్కలా ఒత్తుకుపోయిన దుమ్ము.
నల్లరాయిని కోస్తే రాలే పిండి నల్లగా ఉండదు,
బూడిద తెలుపు.
పట్టకారుతో లాగి పేపరు మీద పెడితే
ఆయన వేళ్ల మధ్య నలిపి చూసి
"ఇది మూడో గుంటది" అన్నాడు.

ఎండిన పేస్టు గీకి
బఠాణీ గింజంత కొత్తది పెట్టా.
వాట్లు మళ్లీ పదిహేనుకి.
వోల్టేజి ఒక్కో మెట్టే దించుతూ,
తడబడేదాకా పోయి, రెండు మెట్లు వెనక్కి.
డెబ్బై ఆరు డిగ్రీల దగ్గర కుదురుకుంది.
నలభై నిమిషాల రాయి ఇరవై ఏడుకి దిగింది.
హెచ్ కాలేదు. కాదు కూడా.
తన పరుగు తను పరిగెత్తింది, అంతే.

దగ్గు వచ్చిందాయనకి.
బల్ల అంచు పట్టుకొని వంగి చాలాసేపు దగ్గాడు.
అది ముదిరాకే కదా గుంటలోంచి తీసి
కుర్చీలో కూర్చోబెట్టి ఈ లాప్‌టాప్ ఇచ్చింది.
నా చేతిలో బ్రష్ ఇంకా అట్టాగే ఉంది.
టేబుల్ ఫ్యాన్ అటు తిప్పబోయి,
పేపరు మీది పిండి చూసి, ఆపేశా.

పేస్టు డబ్బులే తీసుకొని
"దీవెనమ్మది కూడా విప్పమంటారా?" అన్నా.
"అది హెచ్ గదయ్యా."
"దుమ్ముకు అక్షరాలు రావు సాయిబూ."

ఒక్క క్షణం చూశాడు.
రెండోది కూడా బల్ల మీదికి జరిపి
స్టూలు కాస్త దూరంగా లాక్కొని కూర్చున్నాడు,
తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకొని.